మందుల పరీక్ష - మనుష్యుల సమ్మతి

సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున అశ్మరీరోగమును గూర్చిన అధ్యాయమొకటి కలదు. మూత్రాశయమునందు పుట్టిన రాతిని శస్త్రముచే దీయు విధానము అందు వర్ణింపబడినది. కత్తి పట్టుటకు ముందు వైద్యునకు గ్రంథకర్త చేయు హెచ్చరిక గమనింపదగినది. చికిత్స చేయకున్న రోగి మరణించుట నిశ్చయము. చేసినను బ్రదుకునో బ్రదుకడో సందేహము. కావున మంచి వైద్యుడు ప్రభువు ననుమతి వేడి పిమ్మటనే పనికి బూనవలెనని దాని తాత్పర్యము. ఫలము సందిగ్ధమైనప్పుడు ఒకరి యనుమతి యుండి తీరవలెనని అంత ప్రాచీనకాలముననే యొప్పుకొన్న శాస్త్రము మనదని సంతోషింపవచ్చును. సంతోషించిన పిదప ఇంకొక మాటయు ఆలోచింపవలెను. అనుమతి యీయవలసినవాడు ప్రభువు. కత్తికి లోబడువాడు వేరొకడు. ఆ రెండవవాని నెవరైన అడిగిరా యన్న ప్రశ్న ఆ వాక్యమునందు లేదు.

ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని మన ప్రాంతపు వైద్యచరిత్రను కొంత చూడ దలచితిమి. క్రొత్తమందులను మనుష్యులయందు పరీక్షించుట యనునది ఎక్కడనో సీమలలో జరుగు వ్యవహారమని మనవారు తలంచుచుందురు. అది నిజము కాదు. నల్లగొండసీమలోని చౌటుప్పలు వైపు పోయినవారికి మందుల కర్మాగారములు రహదారి ప్రక్కనే కానవచ్చును. మహబూబ్‌నగరము జిల్లా జడ్చర్ల దగ్గరి పోలేపల్లియందు మాత్రలు తయారగుచున్నవి. హైదరాబాదున కుత్తరముగా జినోమ్ వ్యాలీ యని పిలువబడు ప్రదేశమున ప్రపంచమున కంతకును టీకాలు సిద్ధమగుచున్నవి. మందు ఇంత చేరువలో పుట్టుచుండగా దాని పరీక్ష మాత్రము దూరముగా నుండునా?

మొదటి కథ 1888-89 నాటిది. హైదరాబాదు రెసిడెన్సీ సర్జనును వైద్యపాఠశాల కధ్యక్షుడును అగు ఎడ్వర్డు లారీ, క్లోరోఫారము విషయమున దృఢవిశ్వాసము గలవాడు. ఆ మత్తుమందు వలన శస్త్రచికిత్సాసమయములందు అకస్మాత్తుగా రోగులు మరణించుచుండిరి. గుండె ఆగుటచే చచ్చుచున్నారని లండను వైద్యులలో ననేకులు చెప్పుచుండ, ముందుగా ఆగునది ఊపిరియే గాని గుండె కాదనియు, ఊపిరిని కనిపెట్టియున్నచో నపాయము లేదనియు లారీ వాదించెను. ఈ వివాదమును తేల్చుటకై నిజాము ప్రభువు ద్రవ్యసహాయము చేసెను. ఆ ప్రభువు ఆరవ నిజాము మీరు మహబూబు అలీఖాను. పాలమూరునకు 1890లో మహబూబ్‌నగరమను పేరు వచ్చినది ఈయన పేరిటనే. 1888లో నొకటి, 1889లో నొకటి, రెండు క్లోరోఫారము కమీషనులు హైదరాబాదునందు కూడినవి. రెండవదానికి నిజాము వేయి పౌనులిచ్చి, 'లాన్సెట్' పత్రిక తరపున నొక నిపుణుని పంపుమని కోరగా లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధవైద్యుడు వచ్చెను. నాలుగువందలకు పైబడిన జంతువులపై, అందు ముఖ్యముగా కుక్కలపై, పరీక్షలు జరిగినవి. భిన్నాభిప్రాయముతో వచ్చిన బ్రంటన్ సైతము లారీపక్షమునకు తిరిగి ఆ సంగతిని తంతిద్వారా లండనునకు తెలిపెను.

మన రాజధానిలో నింత శాస్త్రపరిశ్రమ జరిగినదని గర్వింపవచ్చును. కాని క్లోరోఫారము క్రింద మనుష్యులు చచ్చుట మానలేదు. ఆ పత్రికయే తరువాత మనుష్యమరణముల వృత్తాంతములను సేకరించి పరిశీలింపజేయగా గుండె ముందుగా ఆగిన సందర్భములు బయటపడినవి. 1911లో గుడ్‌మన్ లీవీ అను శాస్త్రజ్ఞుడు పిల్లులపై ప్రయోగించి, మత్తు లోతుగా నున్నప్పుడు కాక తేలికగా నున్నప్పుడే గుండె అదరి ఆగిపోవునని నిరూపించెను. హైదరాబాదు పరీక్షకులు కుక్కలకు మందు నిండుగా నిచ్చిరి. ఆస్పత్రి బల్లమీద భయపడి పెనగులాడు రోగికి తొలిగ్రుక్కలో గలుగు అపాయము వారి లెక్కలోనికి రాలేదు. ఎన్ని జంతువులను పరీక్షించినను తుదకు మనుష్యుని యందే తేలవలసిన భాగ మొకటి మిగులునని ఈ కథవలన తెలియుచున్నది. మనుష్యులపై పరీక్షయే తగదను వారితో మేము ఏకీభవింపకుండుటకు కారణ మిదియే. పరీక్ష లేకుండుట యనగా పరీక్ష జరుగకుండుట కాదు. ప్రతి రోగియందును లెక్కలేకుండ, వ్రాతలేకుండ జరుగుట.

రెండవ కథ అందరెరిగినదే కనుక కొలదిగా చెప్పెదము. సికిందరాబాదున రొనాల్డు రాసు దోమలకును మలేరియాకును గల సంబంధమును వెదకుచుండెను. 1895లో ఆయన, దోమలు చచ్చిపడిన నీటిని త్రాగినవారికి జ్వరము వచ్చునేమో యని, కూలియిచ్చి మనుష్యులకు త్రాగించి చూచెను. 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో ఆయనకు విజయము లభించెను. ఆ విజయము నిచ్చిన దోమలు హుసేన్‌ఖాను అను రోగి రక్తమును త్రాగినవి. ఒక్కొక్క దోమకాటునకు ఒక్కొక్క అణా చొప్పున అతనికి ముట్టినది. అతడు ముందే జ్వరపీడితుడు. దోమకాటుచే అతనికి క్రొత్తగా వచ్చిన ముప్పు లేదు. అణాలు పుచ్చుకొనుటయు న్యాయమే. నీరు త్రాగినవారి సంగతి అట్టిది కాదు. రాసుగారికి 1902లో నోబెల్ బహుమానము వచ్చినది. ఈ సందర్భమున ప్రభువు ననుమతికి మారుగా అణా ప్రవేశించినదని మాత్రము గుర్తుంచుకొందము, దానితో ముందు పనియున్నది.

ఇరువదవ శతాబ్దమున జర్మనీ నిర్బంధశిబిరములలో వైద్యులు చేసిన ఘోరములు విచారణకు వచ్చిన పిమ్మట, 1947లో నూరెంబర్గు న్యాయస్థానము కొన్ని నియమములను ప్రకటించెను. పరీక్షకు లోనగువాని స్వచ్ఛందసమ్మతి అత్యవసరమనునది వానిలో మొదటిది. అనగా సుశ్రుతుని వాక్యమునం దడుగబడని రెండవవానిని అడుగవలెనని లోకము ఒప్పుకొన్నది. 1964లో ప్రపంచ వైద్యసంఘము హెల్సింకియందు దీనినే విస్తరించినది. నేడు క్రొత్తమందు ముందుగా కొలదిమందికి, పిమ్మట కొన్నివందలమందికి, ఆ పిమ్మట వేలమందికి ఇచ్చి చూడబడును. ఎవరికి మందు, ఎవరికి ఉత్తమాత్ర యనునది చీట్లు వేసినట్లు నిర్ణయింతురు. విక్రయమునకు వచ్చిన తరువాతను కొంతకాలము కనిపెట్టియుందురు. ప్రతి దశయందును మనుష్యునకు సంగతి తెలిపి, అతని భాషలో వ్రాసిన పత్రముపై చేవ్రాలు తీసికొనవలెను. నియమము మిక్కిలి మంచిది. అది ఖమ్మము జిల్లాలో నేమైనదో చూతము.

గర్భాశయముఖమున పుట్టు క్యాన్సరు మనదేశమున 2020 సంవత్సరము ఒక్కదానియందే డెబ్బదివేలకు పైగా స్త్రీలను చంపినట్లు అంతర్జాతీయగణన. ఈ వ్యాధికి మూలము హ్యూమన్ పాపిల్లోమా అను వైరసు. దీనిని కనుగొనిన హరాల్డు జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమానము వచ్చినది. వైరసు పైపొరయందలి ప్రోటీనును తయారుచేయు జన్యువును ఈస్టు కణములలో ప్రవేశపెట్టినచో అవి ఆ ప్రోటీనును పుట్టించును. అది తనంతట ఉండగా చుట్టుకొని వైరసు ఆకారమును పొందును. లోపల వైరసు జన్యుద్రవ్యము లేదు గనుక రోగము కలుగజాలదు. దేహము మాత్రము శత్రువు వచ్చెనని భ్రమించి రక్షణ సిద్ధము చేసికొనును. పిండిని పులియబెట్టు ఈస్టుచే టీకా చేయించుట జీవసాంకేతికశాస్త్రపు చక్కని పనులలో నొకటి. గార్డసిల్ అను ఈ టీకా అమెరికాలో 2006లోను, మనదేశమున 2008లోను విక్రయానుమతి పొందినది. టీకా మంచిదనుటలో మాకు సందేహము లేదు. ఈ వ్యాసమున మేము చెప్పు మాటలు టీకా మీది నింద కావని పాఠకులు గ్రహింతురు గాక.

2009 జూలై 9వ తేదీన నాటి ఆంధ్రప్రదేశమున, ఖమ్మము జిల్లా భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో ఈ టీకా వేయు ప్రణాళిక మొదలైనది. అమెరికాకు చెందిన పాత్ అను సంస్థ, భారత వైద్యపరిశోధనామండలి, రాష్ట్రప్రభుత్వము కలిసి పూనుకొన్న కార్యమిది. ధనము గేట్సు ధర్మసంస్థ యిచ్చినది. టీకా మందు కంపెనీ లిచ్చినవి. పది మొదలు పదునాలుగేండ్ల వయసు గల బాలికలు సుమారు 14,000 మంది ఇక్కడను, గుజరాతులో వడోదర జిల్లాయందు మరియొక టీకాతో సుమారు 10,000 మందియు ఇందు చేరిరి. ఆరునెలలలో మూడు మోతాదులు. భద్రాచలము గిరిజనప్రాంతము, కొత్తగూడెము పట్టణము, తిరుమలాయపాలెము మెట్టపల్లెలు గల సీమ; అది నల్లగొండవారికి పొరుగువంటిది.

2010 మార్చిలో స్త్రీల ఆరోగ్యమునకై పాటుపడు కార్యకర్తలు భద్రాచలము పోయి విచారించి సంగతులు బయటపెట్టిరి. టీకా పొందిన బాలికలలో ఉభయరాష్ట్రములందును కలిసి ఏడుగురు మరణించిరన్న వార్త దేశమంతట వ్యాపించెను. ఏప్రిల్ నెలలో ప్రణాళిక నిలిపివేయబడినది. ప్రభుత్వము నియమించిన విచారణసంఘము మరణములకు టీకా కారణమని చెప్పుటకు ఆధారము లేదనెను. ఒక బాలిక క్వారీ నీటిలో మునిగినది. ఒకతెను పాము కరచినది. ఇరువురు పురుగుమందు త్రాగిరి. ఒకతె మలేరియాకు గురియైనది. మిగిలిన ఇరువురిలో నొకతెకు తీవ్రజ్వరము, ఒకతెకు మెదడులో రక్తస్రావము కారణములని ఊహించిరి. మలేరియా, పాము, పురుగుమందు - ఇవి మన పల్లెల నిత్యమృత్యువులు. ఈ నిర్ణయమును మేము కాదనజాలము. అయితే మరణములను గూర్చిన కలకలములో అంతకంటె నిశ్చయముగా తేలిన విషయ మొకటి మరుగుపడినది.

ఆంధ్రప్రదేశమున పరిశీలింపబడిన సమ్మతిపత్రములు 9,543. వానిలో 1,948 పత్రములపై వ్రేలిముద్రలు. 2,763 పత్రములపై చేవ్రాలు చేసినవారు తల్లియు కాదు, తండ్రియు కాదు. ప్రధానోపాధ్యాయులు, వసతిగృహముల వార్డెనులు. పార్లమెంటు ఆరోగ్యస్థాయీసంఘము 2013 ఆగస్టు 30న సమర్పించిన తన 72వ నివేదికలో ఈ అంకెలను పేర్కొని ఘాటుగా విమర్శించినది. ఇది క్లినికల్ ట్రయల్ కాదు, అనుమతి పొందిన టీకాను ఎట్లు పంచవలెనో చూచు ప్రదర్శనప్రణాళిక మాత్రమే యని నిర్వాహకుల సమాధానము. మనుష్యులకు మందు వేసి ఫలమును వ్రాసికొనుచున్నప్పుడు దానికి పేరేది పెట్టినను పరీక్షయే యని స్థాయీసంఘము మాట. పేరు మార్పువలన కలిగిన నష్టము సామాన్యము కాదు. పరీక్ష కాదన్నందున బాలికలకు బీమా లేకపోయినది; టీకా వలన నేమైన కీడు మూడినచో కనిపెట్టి తెలుపు ఏర్పాటు బలహీనమైనది.

మేమును ఉపాధ్యాయులమే. ఆ 2,763 చేవ్రాలులను తలచుకొన్నప్పుడు మాకు పాత్ సంస్థకంటెను, పరిశోధనామండలికంటెను, ఆ కలము పట్టిన చేతులు ముందుగా మెదలును. ఆ చేతులు మా వృత్తివారివి. వారు దుర్మార్గులని మేము తలంపము. వసతిగృహమున నొక వార్డెను దినచర్య యెట్టిదో నల్లగొండలోగాని, నాగర్‌కర్నూలులోగాని, అచ్చంపేట అడవిదాపున గాని చూచినవారికి తెలియును. బియ్యము మూటలకు చేవ్రాలు, దుప్పట్లకు చేవ్రాలు, కంటిపరీక్షకు చేవ్రాలు, నులిపురుగుల మాత్రకు చేవ్రాలు, పరీక్షరుసుమునకు చేవ్రాలు. పైనుండి కాగితము వచ్చును, క్రిందనుండి చేవ్రాలు పోవును. ఆనాడు వసతిగృహముల పిల్లల విషయమున పెద్దలకు మారుగా సంతకము చేయవచ్చునని ప్రభుత్వమే అధికారమిచ్చినది. అధికారులు వైద్యులను వెంటబెట్టుకొని వచ్చి, ఖరీదైన టీకా, వేలరూపాయలది, పిల్లలకు ఉచితముగా వేయుదుమని చెప్పగా కాదను ధైర్యము, కాదనవలసిన హేతువు, ఆ వార్డెనున కెక్కడివి? మేలు చేయుచున్నాననియే యాతడు తలంచెను. చిక్కంతయు నిందే యున్నది. తల్లిదండ్రులు జీవించియుండగా వార్డెను చట్టరీత్యా సంరక్షకుడు కాడు. అతని చేవ్రాలు దుప్పటికి చెల్లును, దేహమునకు చెల్లదు.

తల్లిదండ్రుల నడుగుట అసాధ్యమని కొందరు చెప్పుచున్నారు. కోయపల్లె ఎక్కడ, భద్రాచలము ఎక్కడ. చదువురానివారికి వైరసు సంగతి ఎట్లు చెప్పుదుము అని వారి వాదము. మన పాలమూరును తీసికొన్నను ఈ మాటకు బలము లేకపోలేదు. ఇచ్చటి తల్లిదండ్రులు మట్టిపనికై హైదరాబాదునకో, బొంబాయికో, పూనాకో పోయి వానలవరకు తిరిగిరారు. కాగితము వచ్చిన దినమున బిడ్డ వసతిగృహమున, తల్లి వేయిమైళ్ల దూరమున. అయినను మాకొక చిన్న లెక్క తోచుచున్నది. ప్రణాళిక మొదలైనది జూలై నెలలో. ఆ యేట దసరా సెప్టెంబరు చివర వచ్చినది. వసతిగృహపు పిల్లలందరు దసరాకు ఇండ్లకు పోవుదురు; తల్లులు తండ్రులు కొందరైన పిల్లలను దీసికొనిపోవుటకు తామే వత్తురు. ఆ దినమున వసతిగృహపు ముంగిట నొక వైద్యుడో, కోయభాష యెరిగిన నర్సో కూర్చుండి చెప్పినచో చాలును. చదువురాని తల్లికి వైరసు పేరు పలుకుట రాకపోవచ్చును. 'ఇది నీ బిడ్డకు ముందెన్నడో రాబోవు పుండును ఆపుమందు, ఇప్పుడే మన జిల్లాలో వేసి చూచుచున్నారు, వలదన్నను నిన్నెవరు నేమియు ననరు' అన్న మాట తెలియకపోదు. విత్తనము కొనునప్పుడు, ఎద్దును కొనునప్పుడు ఆమె అడుగు ప్రశ్నలు విన్నవారెవరును ఆమెకు తెలివి లేదనరు. అడిగిన పిదప నిరాకరించువారు కొందరుందురు. వారిని లెక్కలో తగ్గించుకొనవలెను గాని చేవ్రాలుతో పూరింపరాదు.

ఆ రెండున్నర నెలల ఆలస్యమువలన కలుగు హాని యేమి? ఈ వైరసు దేహమును జేరి క్యాన్సరుగా మారుటకు సామాన్యముగా పదిహేను ఇరువదేండ్లు పట్టును. పదేండ్ల బాలికకు టీకా జూలైలో వేసినను అక్టోబరులో వేసినను భేదము లేదు. తొందర రోగమునది కాదు, ప్రణాళికది.

అణా మాట ముందు చెప్పితిమి. పాతమందునకు నకలుగా చేసిన మాత్ర రక్తములో సమానముగా కలియునా లేదా యని ఆరోగ్యవంతులకు మ్రింగించి చూచు పరీక్షలు హైదరాబాదునందు విస్తారముగా జరుగుచున్నవి. నకలుమందుల వర్తకము మనవారికి పెద్దది గనుక ఇవి తప్పవు. మ్రింగువారికి ధనమిత్తురు. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల ప్రాంతపు పేదస్త్రీలకు క్యాన్సరు మందును ఇట్లు పరీక్షించిరని అలజడి పుట్టి, ఆ సంస్థ అనుమతి కొంతకాలము నిలుపబడినది. రోజుకూలికి ఎన్నో రెట్లు చూపినప్పుడు వచ్చిన 'సరే' యన్నది నాలుకదా, ఆకలిదా? హుసేన్‌ఖాను అణాలకు మేము తప్పుపట్టలేదు. కాని అతడు మంచముపై నుండగా దోమ వచ్చినది. వీరు బస్సెక్కి మందును వెదకుకొని పోయినవారు.

ఖమ్మము వ్యవహారము ఊరక పోలేదు. సర్వోన్నతన్యాయస్థానమున వ్యాజ్యములు నడిచినవి. 2013లో పరీక్షలందు హాని పొందినవారికి పరిహారమిచ్చు నియమములు వచ్చినవి. బలహీనులగు వారివద్ద సమ్మతి తీసికొను సన్నివేశమును దృశ్యశ్రవ్యముగా ముద్రించి యుంచవలెనని విధింపబడినది. 2019 మార్చిలో క్రొత్త ఔషధములను, క్లినికల్ ట్రయల్సును గూర్చిన సమగ్రనియమావళి యేర్పడినది. మరి రెండేండ్లకు కరోనా మహమ్మారి కాలమున జినోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ వారి కోవాక్సిన్ టీకాకు 2021 జనవరి 3న అత్యవసరానుమతి దొరకినప్పుడు మూడవదశ పరీక్షాఫలము ఇంకను వెలువడలేదు. 25,798 మందిపై జరిగిన ఆ పరీక్షాఫలము, నూటికి 77.8 వంతుల రక్షణయని, ఆ సంవత్సరము నవంబరులో ప్రకటింపబడినది. ఈ తొందరను మేము మెచ్చుకొనలేదు. అయినను ఒక సంగతి చెప్పక తప్పదు. జనవరి మొదలు మార్చివరకు ఆ టీకా పొందినవారినుండి, ఇది పరీక్షాదశయందున్నదని తెలిపి, చేవ్రాలు తీసికొనిరి. చేవ్రాలు చేసినవారు ఎవరికివారే.

ఖమ్మము అలజడికి మరియొక ఫలము కలదు. దానిని ఎవరును కోరియుండలేదు. అదేకాలమున దేశమున పలు కేంద్రములందు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనాసంస్థవారు ఇదే టీకాను రెండు మోతాదులు చాలునా, మూడు కావలెనా యని వేరుగా పరీక్షించుచుండిరి. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వము ఈ టీకాపరీక్షల నన్నిటిని ఆపగా అదియు ఆగిపోయినది. అప్పటికి టీకా పొందిన బాలికలు 17,729 మంది; వారిలో సుమారు అయిదువేలమందికి ఒక్కటే మోతాదు పడినది. శాస్త్రజ్ఞులు నిరాశపడి విడిచిపెట్టక వారి నందరిని పదేండ్లు కనిపెట్టియుండిరి. 2021లో ఫలము ప్రకటించిరి. ఒక్క మోతాదు పొందినవారికిని, మూడు పొందినవారికిని రక్షణలో భేదము దాదాపు లేదు. 2022లో ప్రపంచారోగ్యసంస్థ ఒక్క మోతాదు చాలునని ఒప్పుకొనుటకు ఆధారములైనవానిలో ఈ బాలికల లెక్క యొకటి. బీదదేశములకు టీకా ఖర్చు దిగినది. అడుగకుండ చేసిన పని ఆగుటవలన అడుగని ప్రశ్నకు సమాధానము దొరకినదని చెప్పవలసియున్నది. దీనిని చూపి ఖమ్మము పద్ధతిని సమర్థించువారు ఒకరిద్దరు మాకు తటస్థపడిరి. దొరకిన ధనము చూచి దారితప్పుటను మెచ్చుకొన్నట్లున్నది వారి మాట.

నాడు పది, పదునాలుగేండ్ల వయసున నున్న ఖమ్మము బాలికలు నేడు ముప్పదులకు చేరువగుచున్నారు. అనేకులు తల్లులై యుందురు. భారత వైద్యపరిశోధనామండలియే 2017లో వెలువరించిన నైతికసూత్రముల ప్రకారము, ఏడేండ్లు నిండిన బిడ్డను పరీక్షలో చేర్చవలెనన్న తల్లిదండ్రుల సమ్మతి యొక్కటే చాలదు, బిడ్డయు ఒప్పుకొనవలెను. చిన్నవారు నోటిమాటగా చెప్పిన చాలును, పెద్దపిల్లలు వ్రాతమూలముగా నీయవలెను. పెద్దలిచ్చుదానిని, పిల్లలిచ్చుదానిని ఆంగ్లమున రెండు వేర్వేరు పదములతో చెప్పుదురు. తెలుగున నింకను స్థిరమైన భేదము కుదరలేదు. సమ్మతి, అంగీకారము, ఒప్పుకోలు అను మూడును కలగాపులగముగా వాడబడుచున్నవి. పిల్లల నడిగినచో వారు 'సరే' యనియో, 'నాకొద్దు' అనియో అందురు. ఆ రెండు మాటలలో దేనినైనను వ్రాయుటకు వీలుగా, పత్రమున తండ్రి చేవ్రాలునకు క్రింద బిడ్డ కొరకు వేరుగా నొక గీత గీయుచున్నారు.